అసలు పుర్రెనా, ప్లాస్టిక్ పుర్రెనా?

ఎముకల పాఠానికి ఏది కొనాలి? గుంటూరులో వైద్యవిద్య మొదటి ఏడాదిలో చేరినవారికి వచ్చే సందేహమే ఇది.

ఖర్చు: ప్లాస్టిక్‌ది చవక. అసలుది సీనియర్ల నుంచి చేతులు మారుతూ వస్తుంది. ఎవరిదో, ఎలా వచ్చిందో తెలియని పుర్రెను కొనడం నాకు నచ్చదు.

వివరం: కపాలానికి 8, ముఖానికి 14 ఎముకలు, ఈ లెక్క ఎందులోనైనా నేర్చుకోవచ్చు. పుర్రెను తిరగేసి చూడండి, అసలు తేడా అప్పుడు తెలుస్తుంది. పుర్రె అడుగున ఉండే స్ఫీనాయిడ్ ఎముకలో ఫోరామెన్ స్పైనోసమ్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. మెదడు పొరలకు రక్తం అందించే మిడిల్ మెనింజియల్ ధమని లోపలికి వెళ్లే దారి అది. అసలు పుర్రెలో అక్కడ చీపురుపుల్ల దూరిస్తే కొస లోపల తేలుతుంది. నాసిరకం ప్లాస్టిక్ అచ్చులో అది ఉత్త గుంటే.

జాగ్రత్త: అసలుదానికి చెవి కింద సన్నగా పొడుచుకొచ్చే స్టైలాయిడ్ ముల్లు ఇట్టే విరుగుతుంది. ప్లాస్టిక్‌ది కిందపడినా భయం లేదు.

ఇంట్లో: బ్రాడీపేట అద్దెగదిలో అసలు పుర్రె కనిపిస్తే ఇంటావిడ ఆ సాయంత్రమే ఖాళీ చేయమంటారు!

ఎముకల పేర్లు, అతుకులు కంఠస్థం చేయడానికి గదిలో ప్లాస్టిక్‌ది చాలు. రంధ్రాల మీద మౌఖిక పరీక్ష ఉంటే మాత్రం కళాశాల అనాటమీ విభాగంలోని అసలు పుర్రె దగ్గరే కూర్చోండి.