తెలుగు వికీపీడియా, బ్లాగర్: రెండూ వాడుతున్నా కాబట్టి చెప్తున్నా

ముందే చెప్పేస్తా, చదవడానికైతే నా ఓటు వికీకి, రాసుకోడానికైతే బ్లాగుకి. రెండూ ఫ్రీయే, దేనికీ కోడింగ్ రానక్కర్లేదు. బ్లాగర్ (ఇప్పుడు గూగుల్ నడిపే బ్లాగు సర్వీసు) 1999 నుంచీ ఉంది, తెలుగు వికీ మొదలైంది 2003 డిసెంబర్‌లో, అంటే రెండూ పాత కాపులే.

తేడా తెలియాలంటే మీ ఊరి పేరు తెలుగు వికీలో కొట్టి చూడండి. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ చాలా ఊళ్ళకి పేజీలున్నాయి. తెరవగానే ఏ మండలం, దగ్గర్లో టౌను ఎంత దూరం, 2011 జనగణన లెక్కన ఎన్ని ఇళ్ళు, ఎంత జనాభా, ఎన్ని హెక్టార్లు, కిందకెళ్తే బడి, తాగునీరు, బస్సు, సాగుభూమి... పక్కూరి పేజీ తీసినా అవే వాక్యాలు, అంకెలే వేరు. ఎమ్మార్వో ఆఫీసులో రిజిస్టర్ తిరగేస్తున్నట్టు ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33, అటు ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26, మరి ఎన్ని వేల ఊళ్ళకి అడ్రస్ మారిపోయి ఉంటుందో చూస్కోండి. వికీలో అయితే ఎవరో పుణ్యాత్ములు కూర్చుని ఊరు తర్వాత ఊరు మార్చుకుంటూ పోయారు, పాత జిల్లా ఏదో కూడా చాలా పేజీల్లో రాసిపెట్టారు. అదే 2010 నాటి బ్లాగు పోస్టయితే, రాసినాయన మళ్ళీ వచ్చి దిద్దితే తప్ప అందులో ములుగు ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంటుంది, మనం చూసినా కింద ఓ కామెంట్ పడేసి రావడం తప్ప చేసేదేం లేదు.

ఇంకోటి, వికీలో పైన 'చరిత్ర' అని ఉంటుంది, అది నొక్కితే ఎవరు ఎప్పుడు ఏ ముక్క మార్చారో మొత్తం బయటపడుతుంది, చెత్త రాస్తే వెనక్కి తిప్పెయ్యొచ్చు. గొడవుంటే పక్కనే చర్చ పేజీ, అందరికీ సంబంధించిన విషయమైతే రచ్చబండ (ఈ పేరు పెట్టినవాళ్ళకి దండం). బ్లాగులో రాత్రికి రాత్రి పోస్టు మార్చేసినా చదివేవాడికి తెలిసే దారి లేదు.

అయితే ఊరి గురించి మనం నిజంగా చెప్పాలనుకునేవి, అంటే జాతరలో ముందు ఏ ఇంటి బోనం లేస్తుంది, చెరువు గండి పడ్డ ఏడు ఏం జరిగింది, అలాంటివి వికీలో నిలవ్వు. ఆధారం చూపాలి అంటారు, పుస్తకమో పేపరో కావాలి, మా తాత చెప్పాడంటే కుదరదు. రూల్ మంచిదే, అది లేకపోతే ప్రతి ఊళ్ళోనూ పాండవులు అజ్ఞాతవాసం చేసేసి ఉంటారు. కాకపోతే మన పల్లెల గురించి అచ్చులో వచ్చిందే తక్కువ కదా, అందుకని ఆ రూల్ మనకి ఎక్కువ గుచ్చుకుంటుంది. అక్కడ బ్లాగే దిక్కు. వంటలూ అంతే, వికీలో గోంగూర చూస్తే శాస్త్రీయ నామం దొరుకుతుంది సరే, ఆకు కడిగాక బట్ట మీద నీడన ఆరబెట్టి తడి చుక్క లేకుండా చూస్కోవాలి లేదంటే పచ్చడి బూజు పడుతుంది అని చెప్పేది మాత్రం ఏ బ్లాగులోనో ఎవరో ఒక అక్కే.

బ్లాగులతో నా అసలు బాధ అవి చచ్చిపోవడం. కూడలి, జల్లెడ, హారం లాంటి బ్లాగుల్ని ఒకచోట చేర్చే సైట్లు నడిచిన రోజుల్లో కొత్త పోస్టులన్నీ ఒక్కచోట కనిపించేవి, ఇప్పుడు గూగుల్ దయ. సొంత డొమైన్ కొనుక్కుని రెన్యువల్ మానేస్తే ఆ అడ్రస్‌లో బ్లాగు తెరుచుకోదు, వేరే చోట పెట్టి లింకిచ్చిన ఫోటోలయితే ఖాళీ డబ్బాలు మిగుల్తాయి. వికీలో ఒకళ్ళు మానేసినా పేజీ ఇంకొకళ్ళ చేతికి వస్తుంది.

కొత్తగా మొదలెట్టేవాళ్ళకి ఒక జాగ్రత్త. వికీలో మీరు రాసింది ఎవరైనా వాడుకోవచ్చు, పేరు చెప్పి, మార్చి వాడితే దాన్నీ అదే లైసెన్సుతో పంచితే చాలు, అమ్ముకోవచ్చు కూడా, కామన్స్‌లో (వికీ వాళ్ళ ఫోటోల గోదాము) ఎక్కించే ఫోటోలూ దాదాపు అంతే. గుడి, చెరువు, బస్టాండ్ ఫోటోలు హాయిగా పెట్టండి, ఇంట్లోవాళ్ళు ఉన్నవి మాత్రం బ్లాగులోనే ఉంచుకోండి, అదీ ప్రైవేట్ సెట్టింగ్ పెట్టుకుని.

వికీకి 4 స్టార్లు, బ్లాగర్‌కి 3.