ఎం1 గారండ్: ఎనిమిదేళ్ల వాడకంలో తేలిన సంగతులు

అమెరికాలో గారండ్ రైఫిల్ కొనబోయేవాళ్లు ముందుగా చూసేది చెక్క. స్టాక్ నున్నగా, ఎర్రగా మెరుస్తుంటే సగం బేరం అక్కడే కుదిరిపోతుంది. ఎనిమిదేళ్లలో దాదాపు మూడు వేల తూటాలు కాల్చాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటే. స్టాక్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బ్యారెల్ అరిగిపోతే మాత్రం కొత్తది వేయించడానికి బాగానే వదులుతుంది. అందుకే ముందు బ్యారెల్, తర్వాత ఆప్ రాడ్ (తూటా పేలిన గ్యాస్ తోయగా రైఫిల్‌ను తిరిగి సిద్ధం చేసే కడ్డీ), ఆఖరున చెక్క. ఈ వరసలో చూసి కొనండి.

అమెరికా సైన్యం 1936లో తీసుకున్న రైఫిల్ ఇది. రూపకర్త జాన్ గారండ్. ఎనిమిది తూటాల స్టీలు క్లిప్పును పైనుంచి లోపలికి నొక్కాలి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలుతుంది, ఎనిమిదోది పేలగానే ఖాళీ క్లిప్పు టింగుమని ఎగిరి బయటపడుతుంది. బరువు ఖాళీగానే 4.3 కిలోలు. ఆ బరువు మోయడానికి కష్టమే కానీ, భుజానికి తగిలే దెబ్బను అదే తగ్గిస్తుంది.

కొనడానికి నమ్మకమైన చోటు సీఎంపీ, అంటే సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్. విదేశాలకు సైనిక సాయంగా వెళ్లి తిరిగొచ్చిన రైఫిళ్లను అలబామాలోని ఆనిస్టన్ నుంచి గ్రేడ్లవారీగా అమ్ముతారు. అమెరికా పౌరసత్వానికి రుజువు, సీఎంపీకి అనుబంధమైన క్లబ్బులో సభ్యత్వం, షూటింగులో పాల్గొన్నట్టు కాగితం చూపించాలి. నేపథ్య తనిఖీ కూడా చేస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తమ రాష్ట్ర చట్టాన్ని బట్టి మామూలు లైసెన్సున్న దుకాణంలో కొనుక్కోవచ్చు. హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు మాత్రం ఆగాలి. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వలసేతర వీసాదారులు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి పేరు మీద కొనిపించి ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే.

బ్యారెల్ సంగతికొస్తే, అరుగుదల కొలిచే గేజ్ చూపే రెండు అంకెలు అడగండి, అంకె పెరిగేకొద్దీ అరుగుదల ఎక్కువ. ఒకటి త్రోట్, అంటే తూటా కూర్చునే గదికి ముందు భాగం. రెండోది మజిల్, అంటే బ్యారెల్ మూతి. సీఎంపీ సర్వీస్ గ్రేడ్‌కి త్రోట్ 5 లోపు, మజిల్ 3 లోపు ఉండాలి. ఫీల్డ్, ర్యాక్ గ్రేడ్లలో అంతకంటే అరిగినవి రావచ్చు. త్రోట్ కాల్పుల వేడికి అరుగుతుంది. మజిల్ మాత్రం ఎక్కువగా శుభ్రం చేసే కడ్డీ వల్ల పాడవుతుంది, ఎందుకంటే గారండ్‌ను వెనకనుంచి శుభ్రం చేయడానికి వీలుండదు. ఏళ్లతరబడి సైనికులు ముందునుంచి కడ్డీ దూర్చి తోమారు. మీరు మాత్రం మజిల్ గైడ్ పెట్టి తోమండి, లేదంటే లాగే తాడు వాడండి.

గన్ షోలో కొంటే గేజ్ చేతిలో ఉండదు కాబట్టి మందు లేని డమ్మీ తూటాను మూతిలోకి జార్చి చూడండి. కేసు (తూటా ఇత్తడి గొట్టం) అంచు బ్యారెల్‌కి ఆనేలా మునిగిపోతే అరిగినట్టే, పావు అంగుళం ఎడం మిగిలితే బాగున్నట్టు. అమ్మేవాణ్ని అడిగి స్టాక్ ఊడదీయించి, చెక్క కప్పిన చోట ఇనుము చూడండి. పైకి నిగనిగలాడే రైఫిల్‌కి చెక్క గీత కిందే తుప్పు గుంటలు బయటపడతాయి. రిసీవర్ (మిగతా భాగాలన్నీ బిగించే ఇనుప దేహం) మధ్యలో రంగు హఠాత్తుగా మారినా, గీత కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. ఒకప్పుడు రెండు ముక్కలుగా కోసిన రిసీవర్లను వెల్డింగు చేసి అమ్మిన సరుకు ఇంకా తిరుగుతోంది.

భాగాల నంబర్లు కలవకపోతే కంగారు పడకండి. సైనిక వర్క్‌షాపుల్లో విప్పి, కుప్ప పోసి, మళ్లీ బిగించినవే ఎక్కువ. వేరే రైఫిల్ భాగాలు కలిసినంత మాత్రాన కాల్పుల్లో తేడా రాదు.

తెచ్చాక మొదటి పని పూర్తిగా విప్పి పాత గ్రీజు కడగడం. మినరల్ స్పిరిట్స్ (రంగులు పలచన చేసే ద్రావకం)‌లో ఇనుప భాగాలు నానబెట్టి పళ్ల బ్రష్షుతో రుద్దాలి. చెక్కలో ఇంకిన గ్రీజును ఎండలో నల్ల ప్లాస్టిక్ సంచిలో పెడితే కారిపోతుంది. తర్వాత పలచగా తుంగ్ నూనె గానీ అవిసె నూనె గానీ పట్టించండి. అవిసె నూనె గుడ్డల్ని ముద్దగా పారేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

ఇక గ్రీజు. ఈ రైఫిల్‌ నూనెతో బతకదు, దీనికి గ్రీజు కావాలి. బోల్ట్ (గదిని వెనకనుంచి మూసే కదిలే భాగం) మీదున్న చెవుల్లాంటి లగ్‌లు తిరిగే గాడి, ఆప్ రాడ్ లోపల బోల్ట్‌ను తిప్పే వంపు, రాడ్ జారే పక్క గాడి, బ్యారెల్ అడుగున రాడ్ రాసుకునే చోటు, సుత్తి ముఖం. ప్రతిచోటా బియ్యపు గింజంత చాలు. ఎక్కడ వేయాలో అనుమానముంటే వంద తూటాలు కాల్చి విప్పి చూడండి, ఇనుము తెల్లగా మెరిసే చోటల్లా గ్రీజు అడుగుతున్నట్టే. గ్యాస్ సిలిండర్ (బ్యారెల్ మూతి దగ్గర రంధ్రం గుండా వచ్చే గ్యాస్ ఆప్ రాడ్‌ను తోసే గొట్టం) లోపలికీ పిస్టన్ మీదకీ మాత్రం చుక్క కూడా తగలనివ్వకండి. అక్కడ వేడికి మాడి, నల్లగా గట్టిపడి, రాడ్ కదలికను బిగబట్టేస్తుంది.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం జరిగేది తూటాల దగ్గరే. దుకాణంలో థర్టీ ఆట్ సిక్స్ (.30-06) అని రాసి ఉన్నదల్లా పనికొస్తుందనుకుంటారు. గారండ్‌ను నడపాల్సింది 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలిచే ప్రమాణం) గుండు, మధ్యస్థంగా కాలే మందు ఉన్న సైనిక తూటాతో. నేటి వేట తూటాల్లో చాలావాటికి 180 గ్రెయిన్ల గుండు, నెమ్మదిగా కాలే మందు ఉంటాయి. వాటికి గది ఒత్తిడి హద్దులోనే ఉన్నా, గుండు గ్యాస్ రంధ్రం దాటేసరికి అక్కడ మిగిలిన ఒత్తిడి మాత్రం చాలా ఎక్కువ. ఆ దెబ్బ నేరుగా ఆప్ రాడ్‌కి తగిలి, పొడవాటి రాడ్ వంగిపోవచ్చు. 174 గ్రెయిన్లు, 50,000 సీయూపీ (గది ఒత్తిడి కొలిచే ప్రమాణం) దాటొద్దని సీఎంపీ హెచ్చరిస్తుంది. పెట్టె మీద గారండ్ కోసమని ప్రత్యేకంగా రాసినవి పీపీయూ, ఫెడరల్ అనే తూటాల కంపెనీలు రెండూ చేస్తున్నాయి, వాటితో ఏ చింతా ఉండదు. వేట తూటా వాడక తప్పదనుకుంటే సర్దుబాటు చేసుకునే గ్యాస్ ప్లగ్ (గ్యాస్ సిలిండర్ ముందు మూత) వేయించండి.

పాత మిలిటరీ తూటాలు చవగ్గా దొరికితే ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న గిన్నె) తుప్పు పట్టించే రకమా అని చూడండి. అలాంటివి కాల్చాక అదే రోజు సబ్బు కలిపిన వేడి నీళ్లతో బ్యారెల్, గ్యాస్ సిలిండర్, ప్లగ్, బోల్ట్ ముఖం కడిగి ఆరబెట్టి, బ్యారెల్, బోల్ట్‌లకు నూనె రాయాలి. ప్రైమర్ వదిలే ఉప్పు నీళ్లలోనే కరుగుతుంది, నూనెలో కరగదు.

సొంతంగా తూటాలు నింపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్‌ను వెనక్కి పట్టే స్ప్రింగు ఇందులో లేదు. తూటాను క్లిప్పు నుంచి గదిలోకి పంపి, పేల్చకుండా తీసి ప్రైమర్ చూస్తే మధ్యలో ఆవగింజంత గుంట కనిపిస్తుంది. అది మామూలే. కానీ ప్రైమర్ మెత్తనిదైనా, పైకి పొడుచుకొచ్చినా బోల్ట్ మూసుకునేటప్పుడే పేలవచ్చు. అందుకే గట్టి ప్రైమర్, అది కేసు అడుగుకన్నా లోపలికి కూర్చోవడం తప్పనిసరి. ఒంటి తూటాను గదిలో వేసి బోల్ట్‌ను వదలడం కూడా ఇందుకే ప్రమాదం.

మొరాయింపుల్లో ముందు అనుమానించాల్సింది స్ప్రింగు. కొత్త ఆప్ రాడ్ స్ప్రింగు సుమారు 20 అంగుళాలుంటుంది, 19కి తగ్గితే మార్చేయండి. పదిపదిహేను డాలర్ల వస్తువు కోసం బాధపడొద్దు. ఏడో తూటా దగ్గర ఇరుక్కుంటుంటే స్ప్రింగు, అలసిన క్లిప్పు, ఫాలోవర్ (తూటాలను పైకి నెట్టే పలక) దారిలో గరుకు, ఈ మూడూ చూడండి. తూటాలుండగానే క్లిప్పు ఎగిరిపోతుంటే క్లిప్పును లోపల పట్టి ఉంచే క్లిప్ లాచ్ అరిగింది. బోల్ట్ పూర్తిగా వెనక్కి రాకపోతే గ్యాస్ ప్లగ్ వదులైందేమో చూడండి, కాల్చేకొద్దీ అది వదులవుతుంది. అది బిగుతుగానే ఉంటే, స్ప్రింగు తీసి రైఫిల్‌ను 60 డిగ్రీలు వాల్చండి. రాడ్, బోల్ట్ తమ బరువుకే జారిపోవాలి. ఆగిన చోటే రాపిడి ఉంది. ఎక్కువసార్లు అది చెక్క లోపలి అంచే.

గురి 100 గజాల్లో 3-4 అంగుళాల్లో పడితే ఆరోగ్యంగా ఉన్నట్టు. అంతకన్నా చెదిరితే గ్యాస్ సిలిండర్‌ను చేత్తో కదిపి చూడండి. ముందు గురి దాని మీదే ఉంటుంది కాబట్టి అది ఊగితే గుండ్లు ఊరంతా పడతాయి. ట్రిగ్గర్ గార్డ్ మూసేటప్పుడు ఆఖర్లో గట్టిగా నొక్కాల్సి రావాలి. తేలిగ్గా మూసుకుంటే చెక్క కుంగింది. అందుకే ఊరికే విప్పి బిగిస్తూ ఉండకండి. దాచేటప్పుడు గది ఖాళీగా ఉందని చూసి, గార్డ్‌ను వదులు చేసి తాళంలో పెట్టండి.

బోల్ట్ మూసుకుంటూ బొటనవేలిని నలిపే సంగతి అందరూ చెప్తారు కానీ, వేలు నలిగేది ఎక్కువగా క్లిప్పు నింపేటప్పుడు కాదు, ఖాళీ రైఫిల్ మూసేటప్పుడు. ఫాలోవర్‌ను బొటనవేలితో నొక్కే ముందు అరచేతి అంచుతో రాడ్ పిడిని వెనక్కి నొక్కి పట్టుకోండి.

రేంజ్‌కి తీసుకెళ్లే సంచిని ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడొద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. పొరపాటని తేలేదాకా స్టేషన్లు, కోర్టులు తప్పవు. రెండు సంచులూ రంగు తేడాతో కొనుక్కోండి.