తేనెటీగ కుడితే సున్నమా, ఐసుగడ్డా?

పత్తి చేనులోనో తాటివనంలోనో తేనెటీగ కుట్టగానే మన దిక్కు ముందు వెతికేది సున్నం డబ్బా. దానికన్నా ముందు ముల్లు చూడాలి. తేనెటీగ ముల్లుకు కొక్కేలుంటాయి. అది చర్మంలో ఇరుక్కుని విషపు తిత్తితో సహా తెగిపోతుంది, ఈగ పోయినా తిత్తి విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. కందిరీగ మామూలుగా ముల్లు వదలదు, అందుకే ఒక్కటే పలుమార్లు కుట్టగలదు.

ఆ ముల్లును గోటితో గిల్లి తీయాలా, ఏటీఎం కార్డుతో గీకి తీయాలా? గిల్లితే తిత్తి పిండినట్టవుతుందని చాలామంది భయం. 1996లో పరిశోధకులు రెండు పద్ధతులనూ పోల్చితే తేడా కనబడలేదు. ఆలస్యమైన కొద్దీ మాత్రం దద్దు పెద్దదైంది. కార్డు కోసం జేబులు తడుముకునే కన్నా గోరే మేలు.

ఇక సున్నం. విషం పులుపు, సున్నం దాన్ని విరిచేస్తుందన్నది పాత లెక్క. కానీ విషం చర్మం కిందికి దిగింది, మంట పుట్టించేది అందులోని మెలిటిన్ లాంటి పదార్థాలు. పైన పూసిన సున్నం అక్కడిదాకా పోదు, పైగా చర్మాన్ని కాలుస్తుంది. సబ్బునీళ్లతో కడిగి, ఐసుగడ్డను గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టాలి, కాసేపు ఆపి మళ్లీ పెట్టాలి. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. మర్నాటికి వాపు పెరిగినా అది కుట్టిన చోటి చుట్టే ఉంటే కంగారు అక్కర్లేదు.

అలర్జీ మాత్ర సెట్రిజిన్ దురదకు పనికొస్తుంది, ప్రాణం మీదికొస్తే కాదు. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, ఆయాసం, కళ్లు తిరగడం, వాంతులు మొదలైతే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు కావాల్సింది తొడ కండకు వేసే అడ్రినలిన్ సూది. కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, లేపి నడిపించొద్దు. ఆయాసముంటే కూర్చోబెట్టాలి.

చెరువు కట్ట మీది మర్రికో, వాటర్ ట్యాంకుకో పట్టిన పెద్ద తేనెతుట్టె కదిలితే లెక్క వేరు. చెరువులో దూకొద్దు, తల పైకెత్తే దాకా అవి పైనే తిరుగుతాయి. కండువాతో ముఖం కప్పుకుని తలుపులున్న ఇంట్లోకో, కారులోకో ఉరకాలి. చేతులు ఊపి కొట్టొద్దు. కుట్టిన చోట మిగిలే వాసనకే మిగతావి ఎగబడతాయి. పదుల సంఖ్యలో కుడితే అలర్జీ లేకున్నా ఆ రోజే దవాఖానకు పోవాలి. విషం కండరాలను, కిడ్నీలను దెబ్బతీయొచ్చు. మూత్రం తగ్గినా, డికాషన్ రంగులో వచ్చినా మళ్లీ చూపించుకోవాలి.