లాప్‌టాప్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకపోతే: ఏళ్లుగా వెంటాయ్ వాడాక నా సమీక్ష

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సాయంత్రం బ్రాడీపేటలో ఇంటికొచ్చేసరికి చుట్టుపక్కల పిల్లలెవరో ఒకరు లాప్‌టాప్ పట్టుకుని వస్తారు. "ఫార్మాట్ కొట్టాలన్నా, పెన్‌డ్రైవ్ పెడితే తీసుకోవట్లేదు" అన్నదే దాదాపు అందరి మాట. ఈ పనికి నేను వాడేది వెంటాయ్. పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ బూట్ అయ్యేలా, అంటే లేచి నడిచేలా, దాన్ని తయారుచేసే ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, 2020లో వచ్చింది. వచ్చిన కొత్తల్లో మొదలుపెట్టాను, ఇప్పటిదాకా వదల్లేదు. దీని గురించి ఎవరు చెప్పినా ఒకే పెన్‌డ్రైవ్‌లో విండోస్, లినక్స్ లాంటి పది ఓఎస్‌లు పెట్టుకోవచ్చనే చెబుతారు. అది నిజమే, కానీ నేను దీన్ని ఇంతకాలం పట్టుకుని ఉన్నది అందుకు కాదు. బూట్ కానప్పుడు తప్పు లాప్‌టాప్‌లో ఉందా, పెన్‌డ్రైవ్‌లో వేసిన ఫైల్లో ఉందా అన్నది ఇది చప్పున తేల్చేస్తుంది.

చాలామంది డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైలును, అంటే ఓఎస్ సరంజామా అంతా కట్టిన మూటను, అలాగే మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేస్తారు. అలా చేస్తే ఏ లాప్‌టాపూ బూట్ కాదు. యూఈఎఫ్ఐ, అంటే పవర్ నొక్కగానే ముందుగా నడిచే కొత్తరకం ప్రోగ్రామ్ (పాతరకం పేరు బయోస్), ఉన్న మిషన్ ముందు పెన్‌డ్రైవ్‌లో ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పార్టిషన్ (భాగం) ఉందా అని చూస్తుంది. అందులో ఈఎఫ్ఐ ఫోల్డరు, దాని లోపల బూట్ ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు వెతుక్కుంటుంది. అది దొరక్కపోతే పెన్‌డ్రైవ్ ఉన్నా లేనట్టే. పోనీ ఐఎస్‌ఓ విప్పి ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో వేద్దామంటే, విండోస్ 11లో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఒక్క ఫైలే 4 జీబీ దాటిపోతోంది. ఫ్యాట్32లో అంత పెద్ద ఫైలు పట్టదు. వెంటాయ్ ఈ చిక్కు విప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. పెన్‌డ్రైవ్‌ని రెండు పార్టిషన్లు చేస్తుంది. పెద్దది ఎక్స్‌ఫ్యాట్, అంటే పెద్ద ఫైళ్లు కూడా పట్టే రకం, మన ఐఎస్‌ఓలన్నీ అందులో ఉంటాయి. రెండోది 32 ఎంబీ ఫ్యాట్ పార్టిషన్, బూట్ కావడానికి కావలసిన సరంజామా అంతా అందులో ఉంటుంది. ఒకసారి ఇలా తయారైతే మళ్లీ ఫార్మాట్ చేసే పని లేదు. కొత్త ఐఎస్‌ఓ కావాలంటే కాపీ చేసుకోవడం, అక్కర్లేనిది డిలీట్ చేసుకోవడం, అంతే. మా ల్యాబ్‌లో పాత బయోస్ డెస్క్‌టాప్‌లకీ, పిల్లలు తెచ్చే కొత్త లాప్‌టాప్‌లకీ ఇదే పెన్‌డ్రైవ్ వాడతాను.

ఇక అసలు సంగతి. వెంటాయ్ మెనూ, అంటే ఐఎస్‌ఓల పేర్లు వరసగా కనిపించే ఆ స్క్రీన్, వచ్చిందా లేదా? వస్తే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడం వరకు లాప్‌టాప్‌లో దోషం లేదు, పోర్టు బాగుంది, బూట్ సెట్టింగులు బాగున్నాయి, ముందు చూడాల్సింది ఐఎస్‌ఓనే. రాకపోతే ఐఎస్‌ఓ గురించి ఆలోచించడం దండగ, నేరుగా బయోస్ సెట్టింగుల్లోకి (యూఈఎఫ్ఐ ఉన్న మిషన్లలోనూ వాటిని అలాగే అంటాం) వెళ్లాలి. ఈ ఒక్క విభజన తెలియకే జనం నాలుగైదు సార్లు ఐఎస్‌ఓ డౌన్‌లోడ్ చేస్తారు, డేటా అవగొట్టుకుంటారు.

మా ల్యాబ్‌లో చదివే ఒక అమ్మాయి ఎండాకాలం సెలవుల్లో లాప్‌టాప్ తెచ్చింది. "సార్, యూఎస్‌బీ పోర్టులు పోయాయట, బోర్డు మార్చాలన్నారు" అంది. మొహంలో టెన్షన్ తెలుస్తోంది. వెంటాయ్ పెట్టి, పవర్ నొక్కి, ఎఫ్12 కొడుతూ ఉన్నాను. బూట్ మెనూ, అంటే దేన్నుంచి బూట్ కావాలో ఎంచుకునే లాప్‌టాప్ సొంత స్క్రీన్, రాలేదు, విండోసే తెరుచుకుంది. కానీ విండోస్‌లో అదే పెన్‌డ్రైవ్ చక్కగా కనబడుతోంది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. అంటే పోర్టు బతికే ఉంది. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా మిషన్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలోంచి లేచినట్టు లేస్తుంది, మన కీ నొక్కులు పట్టించుకోకుండా దాటిపోవచ్చు. అప్పుడు షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కాలి. నీలం స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ నొక్కితే ఏ కీతోనూ పని లేకుండా బయోస్ తెరుచుకుంటుంది. ఆ అమ్మాయి లాప్‌టాప్‌లో అక్కడ రెండు కనబడ్డాయి. యూఎస్‌బీ బూట్ డిసేబుల్‌లో ఉంది, ఫాస్ట్ బూట్ (తొందరగా లేవడానికి కొన్ని తనిఖీలు దాటేసే సెట్టింగు) ఎనేబుల్‌లో ఉంది. రెండూ మార్చి సేవ్ చేయగానే వెంటాయ్ మెనూ వచ్చింది. వేల రూపాయల బోర్డు ఖర్చు తప్పింది. పోర్టు పోయిందని ఎవరైనా అంటే, ముందు విండోస్‌లో పెన్‌డ్రైవ్ కనబడుతోందో లేదో చూసుకోండి, దయచేసి.

బూట్ మెనూ కీలు కంపెనీని బట్టి మారతాయి. డెల్, లెనోవో చాలా మోడళ్లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ అన్న ఆప్షన్ ఎనేబుల్ చేస్తేనే అది పనిచేస్తుంది.

ఎక్కువమంది బెదిరిపోయేది సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ, దగ్గర. అది ఆన్‌లో ఉన్న లాప్‌టాప్‌లో వెంటాయ్ మొదటిసారి పెడితే "సెక్యూరిటీ వయొలేషన్" అని ఎర్రర్ వస్తుంది. వైరస్ అనుకుని పెన్‌డ్రైవ్ లాగేసినవాళ్లను చూశాను. అక్కడ ఓకే నొక్కితే నీలం రంగు స్క్రీన్ వచ్చి, ఏదైనా కీ నొక్కమంటూ సెకన్లు లెక్కపెడుతుంది. ఆ గడువులోనే నొక్కాలి. తర్వాత ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ ఎంచుకుని, వీటీఓవై ఈఎఫ్ఐ అన్న పార్టిషన్ తెరిచి, ఎన్‌రోల్ దిస్ కీ అని పేరు మొదలయ్యే ఫైలును ఎంచుకుని, కంటిన్యూ, యస్, రీబూట్. ఒక లాప్‌టాప్‌కి ఒకసారి చేస్తే చాలు. పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు సెక్యూర్ బూట్ సపోర్ట్ దగ్గర టిక్ ఉండాలన్నది మాత్రం మర్చిపోవద్దు. కొన్ని కొత్త బిజినెస్ లాప్‌టాప్‌లలో ఇంకో తాళం కూడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్‌ను అనుమతించాలా అన్న ఆప్షన్ బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. అది ఆన్ చేయకపోతే వెంటాయే కాదు, ఉబుంటు లినక్స్ కూడా బూట్ కాదు.

ఇవన్నీ ఎందుకు, సెక్యూర్ బూట్ తీసేస్తే పోలా అంటారు. తీసేయొచ్చు, కానీ ఒక్క క్షణం ఆగండి. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు వేసే తాళం) చాలావరకు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చగానే విండోస్‌లో ఆ తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఏ మెయిల్‌తో తెరిచారో గుర్తులేకపోతే ఫొటోలూ, ప్రాజెక్టులూ అన్నీ పోయే ప్రమాదం ఉంది. అందుకే ఎవరి లాప్‌టాప్ వచ్చినా ముందు ఆ కీ కాగితం మీద రాయించి, ఆ తర్వాతే బయోస్ ముట్టుకుంటాను. ఈ విషయంలో ఎంత తొందరపెట్టినా వినను.

మెనూ వచ్చి, ఐఎస్‌ఓ ఎంచుకున్నాక ఆగిపోతే ఎక్కువసార్లు కాపీ సరిగా పడకపోవడమే కారణం. లినక్స్‌లో కాపీ అయిపోయిందని చూపించినా లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. ఎజెక్ట్ చేసి, తీసేయొచ్చని చెప్పేదాకా ఆగాలి. అనుమానం ఉంటే వెంటాయ్ మెనూలోనే ఫైల్ చెక్‌సమ్, అంటే ఫైలు పాడైందో లేదో తేల్చే లెక్క, ఉంది. అది చూపించే ఎస్‌హెచ్ఏ256 విలువను డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో పోల్చుకోవచ్చు. ఫైలు సరిగ్గానే ఉండి కూడా మొరాయిస్తే, వెంటాయ్‌లోనే ఉన్న వేరే బూట్ పద్ధతులు, లినక్స్‌కి గ్రబ్2 మోడ్, విండోస్‌కి విమ్‌బూట్ మోడ్ ప్రయత్నించాలి.

విండోస్ సెటప్ దాకా వెళ్లి డిస్కే కనబడకపోతే అది వెంటాయ్ తప్పు కాదు. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ల లాప్‌టాప్‌లలో వీఎండీ (డిస్కును నడిపే ఇంటెల్ పద్ధతి) ఆన్‌లో ఉంటే ఇది మామూలే. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని విప్పి అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంచుకుంటే, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి చూపించొచ్చు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయాక నా దగ్గరికి వచ్చే మిషన్ల తీరే మారింది. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు పాత లాప్‌టాప్ తెచ్చి, "బాబూ, దీనికి విండోస్ 11 రాదంటున్నారు, పారేయాల్సిందేనా?" అన్నారు. అదే పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్ మింట్ అనే ఓఎస్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూపించాను. వైఫై పట్టింది, తెలుగు టైపింగ్ వచ్చింది, ఆయన చదివే పేపరు తెరుచుకుంది. "ఇంకేం కావాలండీ, ఎక్కించెయ్యండి" అన్నారు. కొనకముందే తొడిగి చూసుకునే చొక్కాలాంటి ఈ సౌకర్యం ఎన్నో లాప్‌టాప్‌లను పాతసామాను బండి ఎక్కకుండా ఆపింది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. వెంటాయ్ సోర్స్‌లో ముందే తయారైన బైనరీ ఫైళ్లు (మనిషి చదవలేని మిషన్ కోడు) చాలా ఉన్నాయని, వాటిని పూర్తిగా తనిఖీ చేయడం కష్టమని విమర్శ ఉంది. అది సబబైన విమర్శే. ఇంటి వాడకానికీ, ల్యాబ్‌కీ నాకు అభ్యంతరం లేదు. ఆఫీసు మిషన్లకైతే మీ ఐటీ వాళ్లను అడిగే వాడండి. విండోస్ ఒక్కటే వేయాలనుకునేవారికి రూఫస్ అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్ ఇంకా సులువు. 4 జీబీ చిక్కును అది ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్‌తో తనే సర్దుకుంటుంది. నేను రూఫస్‌తో చేసిన రెండో పెన్‌డ్రైవ్ కూడా బ్యాగులో ఉంచుకుంటాను, వెంటాయ్ మెనూ ఏం చేసినా రాని మిషన్ అప్పుడప్పుడూ తగులుతుంది కాబట్టి.

కొనేటప్పుడు 64 జీబీ, యూఎస్‌బీ 3 రకం తీసుకోండి. రోడ్డు పక్క చవగ్గా అమ్మే 1 టీబీ పెన్‌డ్రైవ్‌లు వద్దు. అసలు సామర్థ్యం తక్కువ ఉండి, నిండాక పాత ఫైళ్ల మీదే రాసేవి వాటిలో ఉంటాయి. అసలు సామర్థ్యం తేల్చే ఎచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో ఒకసారి పరీక్షించాకే ఐఎస్‌ఓలు వేయండి. వెంటాయ్‌ని దాని సొంత సైటు నుంచో, గిట్‌హబ్ పేజీ నుంచో మాత్రమే దించుకోండి. కొత్త వెర్షన్ వస్తే అప్‌డేట్ బటన్ నొక్కండి, లోపలి ఐఎస్‌ఓలు చెక్కుచెదరవు. పక్కనే ఉన్న ఇన్‌స్టాల్ బటన్ నొక్కితే మాత్రం పెన్‌డ్రైవ్ మొత్తం చెరిగిపోతుంది.