రాజనీతి శాస్త్ర విజ్ఞాన సర్వస్వం: అచ్చు సెట్టు కొనాలా, ఆన్‌లైన్ చందా కట్టాలా?

మార్చి 31 లోపు గ్రాంటు ఖర్చు పెట్టాలన్న హడావుడిలో విజయవాడ, గుంటూరు కాలేజీ లైబ్రరీలు ఈ లెక్కను ధర చూసి తేల్చేస్తుంటాయి. ధర సంగతి తర్వాత. ముందు రెండింటిలోనూ ఒకే వ్యాసం తీసి పక్కపక్కన పెట్టి చదవండి.

ఫిరాయింపుల నిషేధంతో మొదలుపెట్టండి. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి పదో షెడ్యూలు వచ్చింది. అప్పట్లో చట్టసభలోని ఒక పార్టీ సభ్యుల్లో మూడోవంతు మంది చీలితే అనర్హత పడేది కాదు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు మూడింట రెండొంతులు ఒప్పుకున్న విలీనానికే రక్షణ. 2011లో అచ్చయిన సెట్టులో ఇంకా మూడోవంతు చీలికే కనిపిస్తే, అది పుస్తకం పాతబడటం కాదు, సంపాదకుల అజాగ్రత్త. అలాంటి సెట్టు సగం ధరకిచ్చినా వద్దు.

రెండో పరీక్ష రిజర్వేషన్లు. ఎస్సీ వర్గీకరణకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6:1తో ఆ తీర్పును పక్కనపెట్టి వర్గీకరణకు దారి ఇచ్చింది. పాత అచ్చు సెట్టులో ఇది ఉండదు, దాన్ని తప్పుపట్టలేం. డబ్బు కట్టే ఆన్‌లైన్‌లోనూ లేకపోతే మాత్రం ఏడాదేడాది చందా దేనికి? చాలా ఆన్‌లైన్ ఎడిషన్లు అచ్చు పాఠాన్నే తెరమీదికి ఎక్కించినవి. పేజీ అడుగున కనిపించే సంవత్సరం వెబ్‌సైట్‌ది కావచ్చు. ఆ వ్యాసాన్ని చివరిసారి ఎప్పుడు సవరించారో విడిగా చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం అలాగే చేస్తుంది: మొదట ప్రచురించిన తేదీ, గట్టిగా సవరించిన తేదీ రెండూ పైనే ఉంటాయి, పాత పాఠాలు ఆర్కైవ్‌లో దొరుకుతాయి. పైగా ఉచితం. సార్వభౌమత్వం, ప్రజాస్వామ్యం, ఫెడరలిజం మూడింటికీ అందులో వ్యాసాలున్నాయి. ఇంగ్లీషు మాత్రం డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు కొరుకుడు పడదు.

అచ్చులో వెతకడానికి ఓ పద్ధతి ఉంది. భాషా ప్రయుక్త రాష్ట్రాల గురించి కావాలంటే నేరుగా ఆ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు. చివరి సంపుటంలోని సూచిక తెరిచి ఇండియా, ఫెడరలిజం కింద చూడాలి. 1953 అక్టోబరు 1న ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రం ప్రస్తావన కూడా లేకపోతే మన పిల్లలకు ఆ సెట్టుతో పని తక్కువే. కొనే ముందు సూచిక సంపుటం ఉందో లేదో చూడండి. పాత సెట్లలో తరచూ మాయమయ్యేది అదే. కింది అరలో అసలు పెట్టొద్దు, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ఎలా ముంచిందో చూశాం. వానాకాలంలో గోడకు ఆనించినా చెమ్మ, వెనకే చెదలు.

ఆన్‌లైన్‌లో దెబ్బతినేది లైసెన్సు దగ్గర. ఒకేసారి ఒక్కరికే అనుమతి ఉంటే అరవై మంది క్లాసులో యాభై తొమ్మిది మందికి తెర తెరుచుకోదు. ఎనిమిది సంపుటాల సెట్టయితే ఎనిమిది మంది ఎనిమిది బల్లల మీద చదువుకోవచ్చు! కాలేజీ ఐపీ అడ్రసుకే, అంటే కాలేజీ ఇంటర్నెట్ కనెక్షన్‌కే, ముడిపెడితే హాస్టల్‌కి వెళ్లగానే ఆగిపోతుంది, బయటి నుంచీ తెరుచుకునే రిమోట్ లాగిన్ అడగండి. చందా ఆపితే చేతిలో ఏమీ మిగలదు. శాశ్వత హక్కు ఇస్తామన్నా ఏటా నిర్వహణ రుసుం ఉందేమో అడగాలి. డాలరును ఏ రేటున రూపాయల్లోకి మార్చారో, పన్ను ఎంతో కొటేషన్‌లోనే రాయించుకోండి. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ప్రభుత్వ సంస్థలకు జర్నళ్లు ఇచ్చే పథకం, విజ్ఞాన సర్వస్వం కూడా అందులో వస్తుందిలే అని ఊరుకోవద్దు.

డిగ్రీ వరకే ఉన్న కాలేజీకి మంచి పాత అచ్చు సెట్టు, పక్కన ఉచిత ఆన్‌లైన్ చాలు. పీజీ, పరిశోధన ఉన్నచోట చందా దండగ కాదు, కాకపోతే ముందు నెల రోజుల ట్రయల్ తీసుకోండి. అదీ సెమిస్టర్ నడుస్తుండగా. మే సెలవుల్లో తీసుకుంటే వాడకం రిపోర్టులో సున్నాలే కనిపిస్తాయి.