డబ్బు తీసుకుని తాగుడు మాన్పిస్తామనే ప్రార్థన శిబిరాల విషయంలో జాగ్రత్త

మద్యం వ్యసనం నుంచి విడుదల కోరి ప్రార్థన శిబిరాలకు రుసుము కట్టబోతున్న వారికి, ముఖ్యంగా వారి భార్యలకు, తల్లిదండ్రులకు, తోబుట్టువులకు ఈ హెచ్చరిక రాస్తున్నాను. ప్రార్థనకు వ్యతిరేకంగా నేను ఒక్క మాట కూడా రాయడం లేదు. మాది క్రీస్తును నమ్మిన కుటుంబం, ఇప్పటికీ మా అన్నయ్య కోసం ప్రతి రాత్రీ ప్రార్థన చేస్తూనే ఉన్నాం. ప్రార్థనకు వెల కట్టి అమ్ముతూ, అమ్మేటప్పుడే వైద్యుడు రాసిన మందులు పక్కన పెట్టమని చెప్పేవారి గురించే ఈ హెచ్చరిక. ఇంతకు మించి చదివే తీరిక లేనివారు ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్న మనిషిని వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం పోవచ్చు.

తాగుడు మాన్పించాలని మేము అన్నయ్యను చేర్పించిన చోట ప్రవేశానికి ఒక రుసుము, పాస్టర్ గారు తలపై చేతులుంచి ప్రత్యేకంగా ప్రార్థించడానికి వేరొక మొత్తం, అభిషేక తైలం సీసాకు మరొకటి, తలగడ కింద పెట్టుకోవలసిన ప్రార్థన గుడ్డకు ఇంకొకటి వసూలు చేశారు. రసీదు మీద మాత్రం అంతా కలిపి 'విశ్వాస కానుక' అని ఉంది, అడుగున చిన్న అక్షరాలతో 'కానుకలు తిరిగి ఇవ్వబడవు' అని ముద్రించి ఉంది. వెల ముందే నిర్ణయించి, అది కట్టనిదే గేటు దాటనివ్వని సొమ్మును కానుకగా రాసుకోవడం వల్ల, చెప్పినది జరగలేదని అడిగే దారి కట్టినవారికి మూసుకుపోతుంది. డబ్బు ఇవ్వకముందే రసీదు నమూనా చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే అక్కడి నుంచి తిరిగి వచ్చేయండి.

దరఖాస్తులో అడిగిన ప్రశ్నలు ఇప్పుడు తలచుకుంటే నాకు కోపం వస్తుంది. బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నారు, దశమభాగం క్రమంగా ఇస్తున్నారా, దగ్గరి బంధువుల ఫోన్ నంబర్లు ఏమిటి, ఇవన్నీ అడిగారు. రోజుకు ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, కాలేయం ఎలా ఉంది అని అడిగే గడి ఒక్కటీ లేదు. శిబిరంలో ఉన్నంతకాలం ఏ మందూ వాడబోనని సంతకం చేయించుకున్నారు. డాక్టర్ రాసి ఇచ్చిన మాత్రల అట్టలను, వాటితో పాటు బి1 విటమిన్ మాత్రలను కూడా వదిన సంచిలోంచి తీసి, పేరు రాసిన కవరులో పెట్టి ఆఫీసు బీరువాలో దాచారు. మందు చేతిలో ఉంటే విశ్వాసం సగమే ఉన్నట్లని అక్కడి వారు చెప్పిన మాట వదినకు ఇంకా గుర్తుంది.

తరువాత ఉపవాస ప్రార్థన మొదలైంది. మొదటి రోజు సాయంత్రానికే అన్నయ్య చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, వాంతులు ఆరంభమయ్యాయి. రెండో రాత్రికి మనిషి తన ధ్యాసలో లేడు. దుప్పటి మీద ఏవో పురుగులు పాకుతున్నట్లు వేళ్లతో ఒక్కొక్కటే ఏరి పక్కన పడేస్తున్నాడు, గోడ మూల వైపు చూస్తూ ఎవరినో పొమ్మని గద్దిస్తున్నాడు, వదినను గుర్తుపట్టలేదు. అక్కడి పరిచారకులు భయపడవద్దని, దురాత్మ విడిచి వెళ్లేటప్పుడు ఇలాగే ఉంటుందని చెప్పి, చుట్టూ చేరి ఇంకా గట్టిగా ప్రార్థించారు. కాసేపటికి ఫిట్స్ వచ్చాయి. అదే శిబిరానికి వచ్చిన మరొక కుటుంబం వారి కారులో ఆసుపత్రికి తీసుకెళ్లారు కాబట్టి అన్నయ్య ఈ రోజు మన మధ్య ఉన్నాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, చివరిసారి ఎప్పుడు తాగాడు అనే. శిబిరంలో ఎవరూ అడగని ప్రశ్న అది.

అన్నయ్యకు వచ్చినది దయ్యం కాదు, దానికి వైద్యంలో పేరు ఉంది, వేళలు ఉన్నాయి, చికిత్స ఉంది. మద్యం మెదడును అణచి ఉంచుతుంది. ఆ అణచివేతను తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని నెలల తరబడి పెంచుకుంటూ పోతుంది. ఎదురుగాలికి వంగి నడుస్తున్న మనిషి గాలి ఉన్నట్టుండి ఆగితే ముందుకు పడిపోయినట్లు, మద్యం హఠాత్తుగా ఆగినప్పుడు ఆ ఉద్రేకానికి అడ్డు లేకుండా పోతుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల లోపు వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లో వస్తాయి. 48 నుంచి 96 గంటల మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే తీవ్ర స్థితి ఏర్పడుతుంది. అందులో తికమక, లేనివి కనిపించడం, జ్వరం, రక్తపోటు పెరగడం ఉంటాయి, చికిత్స అందకపోతే మరణానికి దారి తీస్తుంది. తాగుడు మానిన ప్రతి ఒక్కరికీ ఇలా జరగదు. అయితే ఎక్కువకాలం, ఎక్కువ మోతాదులో తాగినవారికి, మునుపు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారికి ముప్పు ఎక్కువ. ఆసుపత్రిలో డయాజెపామ్, లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులతో ఈ దశను దాటిస్తారు, ఆ మోతాదును కొద్ది రోజుల్లో తగ్గిస్తూ వస్తారు. ఈ మందులను మీ అంతట మీరు కొని ఇవ్వకండి, మద్యంతో కలిస్తే ఇవే ఊపిరిని మందగింపజేస్తాయి.

ఉపవాసం విషయం వేరుగా చెప్పాలి, ఎందుకంటే విశ్వాసుల ఇళ్లలో దీనిని ఎవరూ అనుమానించరు. ఎక్కువగా తాగేవారి శరీరంలో బి1 విటమిన్, అంటే థయమిన్, అప్పటికే అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో తిండి కూడా మానేస్తే మెదడు దెబ్బ తినవచ్చు. మతి తికమకపడడం, కనుగుడ్లు సరిగా కదలకపోవడం, నడకలో తూలడం దాని గుర్తులు, దానిని వెర్నికే ఎన్‌సెఫలోపతి అంటారు. సమయానికి థయమిన్ అందకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఉపవాసం చేయాలని మీ మనసు చెబితే రోగి బదులు మీరు చేయండి. అతనికి మాత్రం వేళకు అన్నం, నీళ్లు, విటమిన్ అందేలా చూడండి.

అన్నయ్య ఆసుపత్రిలో ఉండగా శిబిరం నుంచి ఫోన్ వచ్చింది. ఎలా ఉన్నాడని అడగడానికి కాదు, మధ్యలో తీసుకెళ్లడం వల్ల విడుదల ఆగిపోయిందని, ఇంట్లో వారి అవిశ్వాసమే దీనికి కారణమని, రెండో విడత శిబిరానికి 'విత్తన కానుక' పేరుతో మళ్లీ సొమ్ము పంపితే మళ్లీ మొదలుపెడతామని చెప్పడానికి. ఈ అమ్మకంలో అసలు మోసం ఇక్కడే ఉంది. మనిషి కొన్నాళ్లు తాగకుండా ఉంటే అది శిబిరం మహిమ, మళ్లీ తాగితే అది రోగి విశ్వాస లోపం. ఏది జరిగినా వారి లెక్క సరిపోతుంది. నిజానికి మద్యం వ్యసనంలో మళ్లీ జారిపోవడం చాలా సాధారణం. దానిని జబ్బులో భాగంగా తీసుకుని చికిత్సను సరిచేసుకోవాలి తప్ప, అప్పటికే సిగ్గుతో కుంగిపోయిన మనిషిని దేవుడు కూడా వదిలేశాడని నమ్మించకూడదు. అలా నమ్మినవాడు తిరిగి సీసా దగ్గరికే వెళ్తాడు, ఈసారి ఇంకా దాచుకుని. వేదిక మీద సాక్ష్యాలు చెప్పించే వీడియోలను చూసి డబ్బు కట్టబోయే వారు, రెండేళ్ల క్రితం సాక్ష్యం చెప్పిన మనిషితో నేరుగా మాట్లాడించమని అడగండి.

మందు వాడితే విశ్వాసం లేనట్లని చెప్పేవారికి బైబిలు నుంచే జవాబు చెప్పవచ్చు. మత్తయి సువార్త 9వ అధ్యాయం 12వ వచనంలో రోగులకు వైద్యుడు అవసరమని ప్రభువే అన్నాడు. కొలొస్సయులకు రాసిన పత్రికలో లూకాను పౌలు ప్రియమైన వైద్యుడిగా పేర్కొన్నాడు. హిజ్కియా రాజు కన్నీటితో చేసిన ప్రార్థన దేవునికి వినబడి, పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం అయిన తరువాత కూడా, అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. తైలం రాసి ప్రార్థించడం యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్నదే. అయితే అక్కడ రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని ఉంది, తైలానికి వెల కట్టమని లేదు. ఇక డబ్బు సంగతికి వస్తే, కుష్ఠు నయమైన సేనాపతి నయమాను ఇవ్వబోయిన బహుమానాలను ఎలీషా ప్రవక్త ముట్టలేదు. నయమాను వెనుక పరుగెత్తి వాటిలో కొన్నింటిని అడిగి తీసుకున్న ఎలీషా సేవకుడు గెహజీకి నయమాను కుష్ఠు అంటుకుంది. దేవుని వరాన్ని ద్రవ్యంతో కొనాలనుకున్న సీమోనును పేతురు ఎంత తీవ్రంగా మందలించాడో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో చదవండి. ఉచితంగా పొందినదాన్ని ఉచితంగానే ఇవ్వమన్న ఆజ్ఞ మత్తయి 10వ అధ్యాయంలో ఉంది, అదీ స్వస్థపరచండి, దయ్యాలను వెళ్లగొట్టండి అన్న మాటల వెంటనే.

విశ్వాసం ద్వారా తాగుడు మానినవారు లేరని నేను అనడం లేదు. 1877లో జెనీవాలో లూయీ లూసియన్ రోషా అనే పాస్టర్ బ్లూ క్రాస్ సంస్థను ఆరంభించింది తాగుడు బాధితుల కోసమే. తాగుడు మానడానికి ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తాగుడు బాధితులైన బిల్ విల్సన్, శస్త్రవైద్యుడు డాక్టర్ బాబ్ స్మిత్ కలుసుకోవడంతో పుట్టింది. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసంతో సంబంధం ఉన్నవారే. విల్సన్ జీవితాన్ని మార్చిన దైవానుభవం 1934 డిసెంబరులో న్యూయార్క్‌లోని టౌన్స్ ఆసుపత్రిలో, డాక్టర్ సిల్క్‌వర్త్ చికిత్సలో ఉండగా కలిగింది. అంటే ఆయన ప్రార్థనకు, వైద్యానికి నడుమ గోడ లేదు. డాక్టర్ బాబ్ 1935 జూన్‌లో శస్త్రచికిత్సకు వెళ్లే ముందు చేతులు వణకకుండా ఒక బీరు తాగారు, అదే ఆయన చివరి మద్యం. తాగుడుకు అలవాటుపడిన దేహం ఎంతగా పట్టి లాగుతుందో వారికి తెలుసు. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఏ మతశాఖకూ చెందినది కాదు, సభ్యత్వానికి రుసుము లేదు, తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఖర్చుల కోసం చందా పళ్లెం తిప్పినప్పుడు ఏమీ వేయకపోయినా ఎవరూ అడగరు.

కాబట్టి ఎక్కడైనా చేర్పించే ముందు వారిని సూటిగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మద్యం ఆపే మొదటి వారంలో చూడడానికి అర్హత గల డాక్టర్ ఉన్నారా, రాత్రివేళ ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వాడుతున్న మందులు కొనసాగిస్తారా, కుటుంబంలో ఒకరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా, రోగి వెళ్లిపోతానంటే పంపిస్తారా. వీటిలో ఏ ఒక్కదానికి 'విశ్వసించండి' అన్నదే జవాబైతే అది చేర్పించదగిన చోటు కాదు. బలవంతంగా కట్టేసి ఉంచడం, కొట్టడం వంటివి కనిపిస్తే అక్కడితో ఆగకుండా పోలీసులకు చెప్పండి. మొదటి వారం ఆసుపత్రిలో గడిచిన తరువాత, రోగి స్వస్థచిత్తంతో తానే కోరుకున్నప్పుడు, సంఘంలో పెద్దలు, ప్రార్థన గుంపు చేయగలిగిన మేలు చాలా ఉంది. సాయంత్రం వేళ ఒంటరిగా ఉండనివ్వకపోవడం, తాగాలనిపించినప్పుడు ఫోన్ చేస్తే పలకడం, తీర్పు తీర్చకుండా వినడం డాక్టర్ చీటీలో దొరికేవి కావు.

మరొక మాట. తెలియకుండా అన్నంలోనో కాఫీలోనో కలిపితే తాగుడు మాన్పిస్తుందంటూ అమ్మే పొడుల జోలికి పోకండి, వాటిని ప్రార్థించిన మందుగా అమ్మినా సరే. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు. దానిని వాడుతున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడడం, వాంతులు, గుండె దడ, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి, కొందరిలో ప్రాణం మీదికి వస్తుంది. ఆ మందు రోగికి తెలిసి, అతని సమ్మతితో, డాక్టర్ చూస్తూ ఉండగానే వాడాలి. మానేసిన తరువాత కూడా దాని ప్రభావం రెండు వారాల వరకు ఉండవచ్చు. మీ సంఘంలో ప్రభు సంస్కారానికి నిజమైన ద్రాక్షారసం, అంటే మద్యం ఉన్నది ఇస్తుంటే అతను ఈ మందు వాడుతున్న విషయం పాస్టర్ గారికి ముందే చెప్పండి. పులియని రసం ఇచ్చే సంఘాలు చాలా ఉన్నాయి, అడిగితే విడిగా ఏర్పాటు చేస్తారు.

అన్నయ్య ఇప్పుడు తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ అనే మందు వాడుతున్నాడు, మా పాత సంఘంలోని పెద్దాయన ఒకరు వారం వారం ఇంటికి వచ్చి అతనితో కూర్చుని ప్రార్థిస్తున్నారు, కప్పు టీ తప్ప ఏమీ పుచ్చుకోరు. శిబిరానికి కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వమని, రసీదులు, ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితాలు జతచేసి లిఖితపూర్వకంగా అడిగాం. జవాబు రాలేదు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం. ఇలాంటి చోట ఇప్పటికే డబ్బు కట్టి ఉన్నవారు రసీదు, దరఖాస్తు ఫోటోలు తీసి పెట్టుకోండి, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి. మీ మనిషి ఇప్పుడు అలాంటి శిబిరంలోనే ఉండి, వణుకుతున్నాడనో వింతగా మాట్లాడుతున్నాడనో తెలిస్తే, ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా ఈ రోజే వెళ్లి ఆసుపత్రికి తీసుకెళ్లండి, చివరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో డాక్టర్‌కు చెప్పండి.