అమ్మ మోకాళ్ళను బట్టి వేసుకున్న దారి: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వలెన్సియాకు రైల్లో

అమ్మ మెట్లు నెమ్మదిగా ఎక్కగలదు, దిగడమే కష్టం. పాపకి అయిదేళ్ళు, మధ్యాహ్నం ఒక గంటైనా పడుకోకపోతే సాయంత్రమంతా ఏడుపే. పోయిన అక్టోబర్‌లో సెలవులకు ఎటు వెళ్దామా అని కూర్చున్నప్పుడు ముందు ఈ రెండు విషయాలూ కాగితం మీద రాసుకున్నాను. ఊళ్ళ పేర్లు ఆ తర్వాతే రాశాను.

మేం ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అమ్మా నాన్నా కోనసీమ నుంచి మా దగ్గరికి వచ్చి నెల దాటింది. అక్టోబర్ వచ్చేసరికి ఇక్కడ చలి మొదలై, నాన్న ఇంట్లో కూడా మఫ్లర్ తియ్యడం లేదు. "చూడ్డానికి ఏమున్నా లేకపోయినా పర్లేదమ్మా, కాస్త ఎండ ఉన్న చోటికి తీసుకెళ్ళు" అన్నారు. స్పెయిన్ తూర్పు తీరంలో అక్టోబర్ పగళ్ళు 24, 25 డిగ్రీలు ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో అయితే పెద్దవాళ్ళతో అటు వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను.

మొదటి ప్లాన్‌లో సెవియా, గ్రనాడా కూడా ఉన్నాయి. పది రోజుల్లో అయిదు ఊళ్ళు. ఆరుగురి సామాను అయిదుసార్లు సర్దడం, అయిదు కొత్త బాత్రూములు అమ్మకి అలవాటు కావడం తల్చుకుంటేనే టెన్షన్ వచ్చింది. గ్రనాడాలో అల్‌హంబ్రా కోట చూడాలంటే గంటల తరబడి ఎత్తుపల్లాల్లో నడవాలి. రెండూ కొట్టేశాను. బార్సిలోనాలో మూడు రాత్రులు, వలెన్సియాలో అయిదు, దారిలో ఒక్కో రాత్రి. అంతే.

విమానం కాకుండా రైలు ఎందుకంటే, హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రయాణానికే అమ్మ కాళ్ళు వారం రోజులు వాచాయి. రైల్లో అయితే గంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తుంది. పులిహోర డబ్బా, నీళ్ళ సీసాలు, మందుల సంచీ అన్నీ చేతికందేలా ఉంటాయి.

వెళ్ళేటప్పుడు పారిస్ మీదుగా వెళ్ళాం, వచ్చేటప్పుడు లియాన్ మీదుగా వచ్చాం. రెండూ చూశాం కాబట్టి తేడా చెప్పగలను. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్‌కి నేరుగా నాలుగు గంటలు, హాయిగా ఉంటుంది. కానీ ఆ రైలు దిగేది గార్ ద లెస్ట్ స్టేషన్‌లో. బార్సిలోనా రైలు బయల్దేరేది పారిస్‌లోనే ఉన్న గార్ ద లియాన్ అనే ఇంకో స్టేషన్ నుంచి. మధ్యలో ఊరు దాటాలి. పారిస్ మెట్రోలో ఒకటి రెండు లైన్లు తప్పిస్తే లిఫ్టులు దాదాపు లేవు. టాక్సీ అంటే ఆరుగురికి ఒకటి చాలదు. రెండు టాక్సీల్లో విడిపోయి, నాన్నా బాబూ ఉన్న టాక్సీ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవరకు నేను స్టేషన్ ముందు నిలబడే ఉన్నాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకు గుండె దడ పుట్టింది అప్పుడే. ఆ రాత్రికి గార్ ద లియాన్ ఎదురుగా ఉన్న హోటల్లో గదులు తీసుకోవడం మాత్రం సరైన పని. పొద్దున్నే సామానుతో రోడ్డు దాటితే స్టేషన్.

పారిస్ నుంచి బార్సిలోనాకి దాదాపు ఏడు గంటలు. రెండంతస్తుల టీజీవీ, అంటే ఫ్రాన్స్ వాళ్ళ హైస్పీడ్ రైలు. బయటి దృశ్యాల కోసం పై అంతస్తు తీసుకోమని అందరూ చెప్తారు. పెద్దవాళ్ళు ఉంటే కింది అంతస్తే తీసుకోండి. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి దారి పైనుంచే ఉంటుంది కాబట్టి కింద అటూ ఇటూ తిరిగేవాళ్ళు ఉండరు. పాప రెండు గంటలు కదలకుండా నిద్రపోయింది. మోంపెలియే దాటాక రైలు పాత పట్టాల మీదికి వచ్చి వేగం తగ్గిస్తుంది. ఈ దారిలో అందమైన భాగం అక్కడే మొదలవుతుంది. సెత్ దగ్గర నుంచి పట్టాల పక్కనే ఉప్పునీటి మడుగులు, వాటిలో రాజహంసలు. "మన పులికాట్‌కి వచ్చేవే కదా ఇవి!" అని నాన్న కిటికీకి అతుక్కుపోయారు. పెర్పిన్యా తర్వాత ఎనిమిది కిలోమీటర్ల పైన ఉన్న సొరంగం దాటితే స్పెయిన్. అమ్మా నాన్నల షెంగెన్ వీసా జర్మనీ ఇచ్చిందే అయినా మూడు దేశాల్లోనూ అదే చెల్లుతుంది. అయితే సరిహద్దుల దగ్గర పోలీసులు రైలెక్కి పాస్‌పోర్టులు అడగొచ్చు. పెట్టెలో అడుక్కి పెట్టేయకుండా చేతిసంచీలో ఉంచుకోండి.

బార్సిలోనాలో బస విషయంలో పొరపాటు జరిగింది. ఫొటోల్లో బాగుంది, "మొదటి అంతస్తు" అని రాసి ఉంది కదా అని ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. అక్కడి పాత భవనాల్లో నేల అంతస్తు మీద "ఎంత్రెసువేలో" అని ఒకటి, దాని మీద "ప్రిన్సిపాల్" అని ఇంకొకటి ఉండి, ఆ తర్వాతే ఒకటో అంతస్తు లెక్క మొదలవుతుందని నాకు తెలీదు. అంటే మన లెక్కలో అది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, కానీ వీధి గుమ్మం నుంచి దాని దగ్గరికే తొమ్మిది మెట్లు. ఇంటి ఓనరుకి ముందే "మా అమ్మకి మోకాళ్ళ నొప్పి" అని రాస్తే "సమస్య లేదు" అని జవాబిచ్చారు. అందుకని అలా అడక్కండి. "వీధిలోంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు?" అని అంకె అడగండి.

సగ్రాద ఫమిలియా చర్చి మాత్రం అమ్మకి ఎంతో నచ్చింది. టైము స్లాటుతో ముందే టికెట్ తీసుకోవాలి. లోపల నేల సమంగా ఉంటుంది, కూర్చోడానికి చోటుంది. గోపురాల టికెట్ జోలికి పోలేదు. పైకి లిఫ్టులో తీసుకెళ్ళినా కిందికి మెట్ల మీదుగానే రావాలి, ఆరేళ్ళలోపు పిల్లల్ని రానివ్వరు. 1882లో మొదలైన కట్టడం ఇంకా సాగుతోందని చెప్తే అమ్మ తల ఎత్తి రంగుల వెలుతురు చూస్తూ, "మన గుళ్ళు కూడా ఒక్క తరంలో కట్టినవి కావుగా" అంది. పార్క్ గ్వెల్ కొండ మీద ఉంది కాబట్టి మావారూ బాబూ మాత్రమే వెళ్ళొచ్చారు. బార్సిలోనాలో చూడ్డానికి చాలా ఉంది, కానీ రద్దీ, మెట్రోలో జేబుదొంగల భయం, సంచీలు పట్టుకుని జాగ్రత్తగా ఉండటం పెద్దవాళ్ళని త్వరగా అలసిపోయేలా చేస్తాయి.

సాంట్స్ స్టేషన్లో దూరప్రయాణాల రైళ్ళకి సామాను ఎక్స్‌రే తనిఖీ ఉంటుంది. రైలు కదలడానికి రెండు నిమిషాల ముందే గేటు మూసేస్తారు. మనం కనీసం అరగంట ముందు ఉండాలి. టికెట్ల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. 60 దాటినవాళ్ళకి స్పెయిన్ రైల్వేలో "తర్హెతా దొరాదా" అనే రాయితీ కార్డు ఉంది, మేం తీసుకున్నప్పుడు 6 యూరోలు. నాలుగేళ్ళలోపు పిల్లలు వేరే సీటు తీసుకోకపోతే ఉచితం, 13 ఏళ్ళ వరకు తగ్గింపు. ఒకే పాస్‌తో ఐరోపా దేశాల రైళ్ళలో తిరిగే ఇంటర్‌రైల్ మేం తీసుకోలేదు. ఐరోపాలో నివాసం ఉన్న మాకు ఇంటర్‌రైల్, ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నలకి యూరైల్, అలా రెండు రకాల పాసులు. పాస్ ఉన్నా ఈ రైళ్ళన్నిటికీ సీటు రిజర్వేషన్‌కి మళ్ళీ డబ్బు కట్టాలి. విడి టికెట్లు కొనడమే మాకు చవకైంది. అక్టోబర్ 12 స్పెయిన్ జాతీయ దినం. ఆ రోజు చుట్టూ రైళ్ళు నిండిపోతాయి, ఆ తేదీలు తప్పించండి.

వలెన్సియాకి మూడు గంటలు. రైలు దిగాక పక్కనే ఉన్న పాత స్టేషన్ తప్పకుండా చూడండి. 1917లో తెరిచిన ఎస్తాసియో దెల్ నోర్త్ అది. గోడల మీద రకరకాల భాషల్లో శుభప్రయాణం అని మొజాయిక్‌లో రాసి ఉంటుంది. ఇక్కడ బార్సిలోనా పాఠం నేర్చుకుని, వంటగది ఉన్న అపార్ట్‌హోటల్ తీసుకున్నాం. రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, లిఫ్టు వీధి ఎత్తులోనే ఉంది, పక్క పక్క గదులిచ్చారు. అద్దె ఇంటికన్నా కొంచెం ఎక్కువే. ఆ ఎక్కువ పెట్టినందుకు ఒక్క రోజు కూడా బాధపడలేదు.

ఈ ఊరు పిల్లలకీ ముసలివాళ్ళకీ చేసినట్టే ఉంది. 1957లో తూరియా నదికి పెద్ద వరద వచ్చి ఊరు మునిగితే నదిని ఊరి బయటికి మళ్ళించారు. ఎండిన పాత నదీగర్భం ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల తోట. రోడ్లన్నీ పైన వంతెనల మీద పోతాయి, కింద బళ్ళు లేవు. పడుకుని ఉన్న గల్లివర్ ఆకారంలో ఒక పెద్ద ఆటస్థలం ఉంది, ప్రవేశం ఉచితం. పిల్లలు అతని జుట్టు మీదా చేతుల మీదా జారుతూ ఉంటే అమ్మ చెట్టు నీడలో బెంచీ మీద విష్ణు సహస్రనామం చదువుకుంది. ఆ మళ్ళించిన కాలువే 2024 అక్టోబర్ 29న వచ్చిన వరద నుంచి పాత ఊరిని కాపాడింది. కానీ దానికి దక్షిణాన ఉన్న శివారు ఊళ్ళు మునిగిపోయాయి. ఆ విపత్తులో 200 మందికి పైగా పోయారు. గోదావరి వరదలు చూసిన నాన్న ఆ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు.

గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకి కథెడ్రల్ (ఊళ్ళోని ప్రధాన చర్చి) గుమ్మం దగ్గరికి నాన్నని తీసుకెళ్ళాను. అక్కడ నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. ఎనిమిది సాగు కాలువలకి ఒక్కో ప్రతినిధి చొప్పున రైతులే న్యాయమూర్తులు. నల్లని అంగీలు తొడుక్కుని వచ్చి గుండ్రంగా కూర్చుంటారు. కాలువ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఫిర్యాదు ఉంటే అక్కడికక్కడే నోటిమాటగా విచారించి తీర్పు చెప్తారు. వందల ఏళ్ళుగా సాగుతున్న ఈ పద్ధతిని యునెస్కో 2009లో గుర్తించింది. మేం వెళ్ళిన రోజు ఏ కాలువ నుంచీ ఫిర్యాదు లేదు, అయిదు నిమిషాల్లో అయిపోయింది. నాన్న ఒకప్పుడు మా ఊరి నీటి సంఘంలో పనిచేశారు. శివారు పొలాలకి నీళ్ళు అందక ఎన్ని రాత్రులు గొడవలు తీర్చారో నాకు తెలుసు. "ఫిర్యాదు లేదంటే నీళ్ళు అందరికీ అందాయన్నమాట" అన్నారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయేది ఆ మాటే.

మర్నాడు ఊరికి దక్షిణాన ఉన్న అల్బుఫెరా సరస్సుకి వెళ్ళాం. చుట్టూ వరి మళ్ళు. కోతలు సెప్టెంబర్‌లోనే అయిపోయి మోళ్ళు మిగిలాయి. పయేయా అనే అన్నం వంటకం పుట్టింది ఈ వరి మళ్ళ మధ్యనే. అసలైన వలెన్సియా పయేయాలో కోడి, కుందేలు మాంసం ఉంటాయి. శాకాహారులు కూరగాయల పయేయా అడిగినా, అది మాంసం ఉడికించిన నీళ్ళతో వండారా అని కూడా అడగాలి. "మాంసం వద్దు" అంటే చేప వేసి తెచ్చేస్తారు, రెండూ వద్దని చెప్పాలి. రాత్రి భోజనం హోటళ్ళలో చాలా ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే మధ్యాహ్నం బయట తిని, రాత్రికి గదిలో అన్నం, పప్పు, సెంట్రల్ మార్కెట్లో కొన్న వంకాయలతో కూర వండుకున్నాం. ఓర్చాతా అనే చల్లటి తెల్లని పానీయం అందరికీ నచ్చింది. మన తుంగముస్తెల జాతి గడ్డలతో చేస్తారు, పాలు ఉండవు.

తిరుగు ప్రయాణంలో బార్సిలోనా నుంచి లియాన్ అయిదు గంటలు, అక్కడ ఒక రాత్రి, మర్నాడు మేం దిగిన అదే పార్ ద్యూ స్టేషన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా ఆరు గంటలు. స్టేషన్ మారే పని లేదు, టాక్సీ లేదు. స్టేషన్లో జనం ఎక్కువే, కూర్చోడానికి చోటు తక్కువే. అయినా పారిస్‌తో పోలిస్తే ఎంతో నయం. ఈ రైళ్ళు రోజుకి ఒకటీ అరా ఉంటాయి కాబట్టి తేదీలు ముందు వాటిని చూసుకునే పెట్టుకోవాలి.

మళ్ళీ వెళ్తే రెండు వైపులా లియాన్ మీదుగానే వెళ్తాం. బార్సిలోనాలో రెండు రాత్రులే ఉంటాం, మిగిలిన ఆ రాత్రి కూడా వలెన్సియాకే ఇస్తాం. గురువారం అక్కడ ఉండేలా చూసుకోమని నాన్న ఇప్పటికే రెండుసార్లు చెప్పారు.